పివట్ బేరింగులు ఇంట్లోనే మార్చుకోవచ్చు, సుత్తి మాత్రం పక్కన పెట్టండి

ముందు మీ ప్రశ్నను నాలుగు ముక్కల్లో మళ్లీ చెప్తాను, మధ్యలో వచ్చి చదివేవాళ్లకు అర్థం కావాలి కదా. మీరుండేది డాలస్‌లో. అయిదేళ్ల నాటి అల్యూమినియం ఫ్రేము ఫుల్ సస్పెన్షన్ మౌంటెన్ బైకు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నారు. వెనక చక్రం పట్టుకుని పక్కకి ఊపితే టక్కుమంటోంది, ఎక్కుడులో బరువేసి తొక్కితే కిర్రుమంటోంది. షాపులో చూపిస్తే పివట్ బేరింగులు (ఫ్రేము వెనక భాగం కదిలే కీళ్లలో ఉండేవి) మొత్తం మార్చాలి, కూలీతో కలిపి మూడొందల యాభై డాలర్లవుతుంది అన్నారు. మీ స్నేహితుడు మాత్రం ఒక సాకెట్టు, ఒక సుత్తి ఉంటే గంట పని అన్నాడు. ఇంట్లో చేసుకోవచ్చా, ఏమేం కావాలి అన్నది మీ ప్రశ్న.

చేసుకోవచ్చండి. గంటలో మాత్రం కాదు, సుత్తితో అసలే కాదు. మొదటిసారికి ఒక శనివారం మొత్తం దీనికే అని అనుకోండి.

నేను తొమ్మిదేళ్లుగా ఆర్కెన్సాలోని బెంటన్‌విల్‌లో ఉంటున్నాను. ఇక్కడి తెలుగువాళ్లలో చాలామంది లాగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం వచ్చి, ఊళ్లో ఎటు చూసినా ట్రైల్సే ఉండటంతో ఈ పిచ్చిలో పడ్డాను. స్లాటర్ పెన్, కోలర్, బ్యాక్ 40 తిరిగి తిరిగి నా బైకుకి మూడుసార్లు, స్నేహితుల బైకులకు ఇంకో డజను సార్లు ఈ పని చేశాను. మొదటిసారి చెడగొట్టాను కూడా. ఆ సంగతి కిందకి వచ్చాక చెప్తాను.

అసలు జబ్బు బేరింగుదేనా అన్నది ముందు తేల్చుకోండి. వెనక చక్రం ఊగుతోందంటే కారణాలు అరడజను ఉంటాయి. త్రూ యాక్సిల్ (చక్రాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే ఇరుసు) సరిగ్గా బిగించకపోయినా ఊగుతుంది. హబ్ బేరింగు పోయినా ఊగుతుంది. షాక్ రెండు చివర్లలో ఉండే బుష్ అరిగినా టక్కుమంటుంది, అది ఇరవై డాలర్లలో పోయే పని. నా పక్కింటాయన నెల రోజులు పివట్లను తిట్టుకున్నాడు. తీరా చూస్తే సీట్‌పోస్ట్ క్లాంపులో ఇసుక.

పరీక్ష ఇలా చేయండి. ఇంకొకరిని బైకు సీటు పట్టుకోమని, మీరు వెనక చక్రాన్ని పక్కకి మెల్లగా ఊపండి. రెండో చేతి వేలు ఒక్కో జాయింటు మీద, సగం ఈ ముక్క మీద సగం ఆ ముక్క మీద పడేలా ఆనించి ఉంచండి. ఎక్కడ ప్లే ఉంటే అక్కడ రెండు ముక్కలూ విడివిడిగా కదలడం వేలికి తెలుస్తుంది. కంటికి కనపడని లూజు కూడా వేలికి దొరుకుతుంది. తర్వాత వెనక చక్రం తీసేసి, షాక్ బోల్టులు విప్పి షాక్ పక్కన పెట్టండి. ఇప్పుడు వెనక భాగాన్ని చేత్తో పైకెత్తి వదిలితే దాని బరువుకి అదే జారిపోవాలి, మధ్యలో ఎక్కడా ఆగకూడదు. ఎక్కడైనా పట్టేసినట్టు ఆగినా, గరగరలాడినా అప్పుడు బేరింగు దగ్గరికి వెళ్లండి. బోల్టు తీసి, లోపలి రింగులో చిటికెన వేలు పెట్టి తిప్పండి. మంచి బేరింగు తేనెలో తిరుగుతున్నట్టు కాస్త బరువుగా, నున్నగా తిరుగుతుంది. పోయినది మెట్లు దిగుతున్నట్టు కటకటా తిరుగుతుంది, లేకపోతే అసలు తిరగదు.

చాలా బైకుల్లో ముందుగా పోయేది క్రాంకు వెనక ఉండే మెయిన్ పివట్. బురదంతా దాని మీదే పడుతుంది. ఆ తర్వాత వెనక యాక్సిల్ దగ్గర చెయిన్‌స్టే (క్రాంకు వైపు నుంచి వెనక చక్రం దాకా వెళ్లే ఫ్రేము గొట్టం) చివర ఉండే చిన్న బేరింగులు. ఆ జాయింటును హార్స్ట్ లింక్ అంటారు. గుర్రానికీ దానికీ సంబంధం లేదు, హార్స్ట్ లైట్నర్ అనే ఆస్ట్రియా ఆయన పేరది.

చక్రం బేరింగు ఏళ్ల తరబడి ఉంటుంటే ఇది రెండేళ్లకే ఎందుకు పోతుంది? చక్రంలో బేరింగు నిమిషానికి వందకు పైగా చుట్లు తిరుగుతుంది. గ్రీజు కలుస్తూ ఉంటుంది, ప్రతి గోళీకీ రేసు (గోళీలు దొర్లే గాడి) మొత్తం మీద తిరిగే అవకాశం ఉంటుంది. పివట్‌లో అలా కాదు. మీ చెయిన్‌స్టే పొడవు 440 మిల్లీమీటర్లు, వెనక ట్రావెల్ (చక్రం పైకి కదిలే దూరం) 140 అనుకుందాం. షాక్ పూర్తిగా దిగినా మెయిన్ పివట్ తిరిగేది పద్దెనిమిది పంతొమ్మిది డిగ్రీలు. లోపలి రింగు అంత తిరిగితే గోళీ కదిలేది అందులో సగం కూడా ఉండదు. బేరింగులో పన్నెండు గోళీలుంటే ఒక్కోదాని మధ్య ముప్పై డిగ్రీల ఎడం. అంటే ఏ గోళీ కూడా జీవితంలో పక్క గోళీ చోటుకి చేరదు. అక్కడే ముందుకీ వెనక్కీ నలుగుతూ, కింద గ్రీజును పక్కకి నెట్టేసి, రేసు మీద చిన్న గుంట చేసుకుంటుంది. పైన మీ బరువు, దూకినప్పుడు దానికి అనేక రెట్లు. ఆ గుంటలోకి ఒక్క చుక్క నీరు చేరితే తుప్పు మొదలు. నేను విప్పిన పాత బేరింగుల్లో చాలావాటికి రేసు మీద సరిగ్గా గోళీలు ఎన్నో అన్ని మచ్చలు, వాటి చుట్టూ ఎర్రటి పొడి. మిగతా రేసు అద్దంలా ఉంటుంది.

అందుకే పివట్లకు వాడే బేరింగు రకం కూడా వేరు. మాక్స్ అని పేరు చివర రాసి ఉన్నవి చూడండి. వాటిలో కేజ్ (గోళీలను ఎడంగా ఉంచే చట్రం) తీసేసి, ఆ ఖాళీలో కూడా గోళీలు నింపుతారు. గోళీలు ఎక్కువైతే బరువు పంచుకునేవాళ్లు ఎక్కువ. వేగంగా తిరిగే చక్రానికి అవి పనికిరావు, కేజ్ లేని గోళీలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. పివట్ ఎటూ తిరగదు కాబట్టి ఇక్కడ ఆ బాధ లేదు. రెండు వైపులా రబ్బరు సీలు ఉన్నవే తీసుకోండి. రేకు మూత ఉన్నవి కారు చవకగా దొరుకుతాయి, నీళ్ల దగ్గర అవి దండగ.

కొనేముందు కొలవండి. పాత బేరింగు సీలు మీద నంబరు ఉంటుంది. నంబరు చెరిగిపోతే వెర్నియర్‌తో లోపలి వ్యాసం, బయటి వ్యాసం, వెడల్పు చూడండి. 6902 అంటే అదే వరసలో 15, 28, 7 మిల్లీమీటర్లు. 6900 అంటే 10, 22, 6. 6800 అంటే 10, 19, 5. బైకుల్లో ఎక్కువగా కనపడేవి ఈ కుటుంబమే. ఒక మెలిక ఉంది: కొన్ని ఫ్రేముల్లో లోపలి రింగు ఒక వైపు బయటికి పొడుచుకుని వచ్చి ఉంటుంది. స్పేసర్ (రెండు ముక్కల మధ్య ఎడం ఉంచే రింగు) పనిని ఆ రింగే చేస్తుంది. మామూలుది తెచ్చి వేస్తే కొలతలన్నీ సరిపోయినట్టే ఉంటుంది, బోల్టు బిగించాక లింకు ఫ్రేముకి రాసుకుంటుంది. ఒక బేరింగు చేతిలోకి వచ్చేదాకా ఆర్డరు పెట్టకండి అనేది ఇందుకే. సైకిల్ కంపెనీ కిట్ పేరుతో అమ్మేదాంట్లో ఉండేవీ ఇవే బేరింగులు, డబ్బా వేరు, ధర వేరు. నంబరు తెలిస్తే ఏ బేరింగు షాపులోనైనా దొరుకుతాయి. పోయినసారి హైదరాబాద్ వెళ్లినప్పుడు రాణీగంజ్‌లో 6902 అడిగితే కౌంటర్లో ఆయన 61902 అని రాసున్న ఎస్‌కేఎఫ్ డబ్బా ఇచ్చాడు. తికమకపడకండి, రెండూ ఒకటే. ఆ కంపెనీ ఈ సన్న బేరింగులకు మధ్యలో ఒక 1 కలిపి రాస్తుంది. ఇంకో మాట, శాంటా క్రూజ్ లాంటి వాళ్లు పివట్ బేరింగులు జీవితాంతం ఉచితంగా ఇస్తారు కానీ మొదట కొన్నవాళ్లకే. సెకండ్ హ్యాండ్ కాబట్టి మీకు ఆ దారి లేదు.

ఇక విప్పడం. బోల్టు తలలోని ఆరు పలకల గుంటలో ఎండిన మట్టి ఉంటుంది. దాన్ని సూదితో పూర్తిగా గీకి తీశాకే కీ పెట్టండి. మట్టి మీద కీ సగమే దిగుతుంది, గట్టిగా తిప్పితే గుంట గుండ్రమైపోతుంది. ఆ తర్వాత ఆ బోల్టు తీయడమే ఒక రోజు పని. బోల్టులకు కంపెనీలో నీలం లాకింగ్ మందు వేసి ఉంటారు. మొరాయిస్తే బోల్టు తలకి సోల్డరింగ్ ఐరన్ రెండు నిమిషాలు ఆనించండి, మెత్తబడుతుంది. మెయిన్ పివట్ కోసం చాలా బైకుల్లో క్రాంకు కూడా తీయాలి. వెనక బ్రేకు గొట్టం ఫ్రేము లోపల్నుంచి వెళ్తుంటే దాన్ని విప్పక్కర్లేదు, క్యాలిపర్ ఊడదీసి వెనక భాగాన్ని పక్కన వేలాడదీస్తే చాలు.

ఒక అట్టముక్క మీద బైకు వెనక భాగం బొమ్మ గీసి, ఏ జాయింటు బోల్టు ఆ జాయింటు దగ్గరే గుచ్చండి. వాషర్లు, టోపీ ఆకారపు స్పేసర్లు ఏ వైపుకి తిరిగి ఉన్నాయో అలాగే. ఫోటోలు తీసుకున్నాను కదా అనుకుంటారు, రాత్రి పదింటికి ఫోటోలో అన్ని స్పేసర్లూ ఒకేలా కనపడతాయి.

పాత బేరింగు తీయడం రెండు రకాలు. బేరింగు కూర్చునే గూడు అవతలి వైపు తెరిచి ఉంటే సులువు. ఒక పొడవాటి మర రాడ్డు, రెండు నట్లు, వాషర్లు తీసుకోండి. ఒక వైపు బేరింగు కంటే పెద్ద సాకెట్ గిన్నెలా పెట్టి, రెండో వైపు నుంచి చిన్న సాకెట్‌తో నెట్టండి. నట్టు బిగిస్తుంటే బేరింగు ఆ గిన్నెలోకి వచ్చి పడుతుంది. ఇది ఎలాగూ పారేసేదే కాబట్టి లోపలి రింగు మీద తోసినా ఫర్వాలేదు. అవతలి వైపు మూసి ఉంటే బ్లైండ్ పుల్లర్ కావాలి. అది లోపలి రంధ్రంలో విచ్చుకుని, వెనక అంచుని పట్టుకుని లాగుతుంది. మీ దగ్గర కారు పార్టుల షాపులు డిపాజిట్ మీద పుల్లర్లు అరువిస్తాయి, 10 మిల్లీమీటర్ల రంధ్రానికి సరిపడే ముక్క అందులో ఉందో లేదో చూసి తెచ్చుకోండి. అది దొరకనప్పుడు గోడలకు వేసే యాంకర్ బోల్టుతో నేను పని కానిచ్చాను. లోపల విచ్చుకునేలా బిగించి, బయటికి లాగడమే. తీసేటప్పుడు ఎక్కడైనా సర్‌క్లిప్ (బేరింగు జారకుండా పట్టి ఉంచే స్ప్రింగు రింగు) ఉందేమో ముందు చూసుకోండి. చూడకుండా లాగితే గూడు అంచు లేచిపోతుంది.

తుప్పుపట్టిన బేరింగు ఒక్కోసారి రెండుగా విడిపోయి, లోపలి రింగూ గోళీలూ చేతికొచ్చి బయటి రింగు గూట్లోనే ఉండిపోతుంది. కంగారుపడొద్దు. చిన్న గ్రైండర్‌తో ఆ రింగుకి ఎదురెదురుగా రెండు గాట్లు, అల్యూమినియానికి వెంట్రుకవాసి దూరంలో ఆపేలా కోసి, సన్న ఉలితో తడితే విరిగి వస్తుంది. గ్రైండర్ పట్టి అలవాటు లేకపోతే ఆ ఒక్క ముక్క షాపుకి ఇవ్వండి.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. మీ స్నేహితుడితో నాకు పేచీ ఉన్నదీ ఇక్కడే. బేరింగుకి రెండు రింగులు. ఏ రింగు బిగుతుగా కూర్చోవాలో, బలం ఆ రింగు మీదే పడాలి. ఫ్రేము గూట్లో బిగుతుగా కూర్చునేది బయటి రింగు. మీరు లోపలి రింగు మీద నొక్కితే ఆ బలమంతా గోళీల మీదుగా బయటి రింగుకి చేరుతుంది. గోళీ రేసుని తాకేది సూది మొనంత చోట. ఆ చోట గుంట పడుతుంది. పైకి ఏమీ కనపడదు. నా మొదటి ప్రయత్నంలో చేసింది ఇదే. చేతికందిన సాకెట్ పెట్టి బిగించాను, అది కాస్త చిన్నది, బయటి రింగుని దాటి లోపలి రింగు మీద ఆనింది. బేరింగు చక్కగా దిగింది. వేలు పెట్టి తిప్పితే కటకట. అప్పటిదాకా డబ్బాలో ఉన్న కొత్త బేరింగు, బైకు ఎక్కకముందే పాతదైపోయింది. రెండు బేరింగులు మళ్లీ కొనుక్కొచ్చాను. సుత్తితో ఇదే తప్పు ఒక్కో దెబ్బకీ ఒక్కోసారి జరుగుతుంది, పైగా బేరింగు వంకరగా దిగి గూడు గీసుకుపోతుంది.

కాబట్టి నొక్కే ముక్క బయటి వ్యాసం బేరింగు బయటి వ్యాసం కంటే ఒక వెంట్రుకంత చిన్నదిగా ఉండాలి. 28 మిల్లీమీటర్ల బేరింగుకి 27, 27.5 ఉన్న సాకెట్ వెతకండి. సాకెట్ మీద రాసున్న నంబరు నట్టు సైజు, దాని బయటి కొలత కాదు. వెర్నియర్ పెట్టి చూడాలి. సాకెట్లు దొరక్కపోతే పాత బేరింగే మంచి పనిముట్టు: దాని బయటి రింగు అంచుని గ్రైండ్ చేసి కాస్త సన్నం చేస్తే కొత్తదాన్ని నొక్కడానికి సరిగ్గా సరిపోతుంది.

గూడుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, వేలితో చుట్టూ తడిమి చూడండి. గీత లేచి ఉంటే నున్నటి స్క్రబ్బర్‌తో మెల్లగా రుద్దాలి, గరుకు కాగితం వద్దు. తర్వాత సన్నగా గ్రీజు పూత, ఉక్కూ అల్యూమినియమూ తడిలో ఒకదాన్నొకటి తినకుండా. బేరింగు వేలితో నొక్కితేనే గూట్లోకి జారిపోతే మాత్రం గూడు అరిగిందని అర్థం. అప్పుడు గ్రీజు వేయకండి, బేరింగులు పట్టించే లాక్‌టైట్ 641 వాడండి. 638 ఇంకా గట్టిది, కానీ మళ్లీ మార్చేటప్పుడు మీరే ఏడుస్తారు.

మా ఊళ్లో నాన్నగారి బుల్లెట్ ఇంజను విప్పినప్పుడు మెకానిక్ క్రాంక్‌కేసుని వేడిచేసి బేరింగు వేసేవాడు. దెబ్బ లేదు, తోపు లేదు, టప్‌మని దానంతటదే జారి కూర్చునేది. చిన్నప్పుడు మంత్రం అనుకునేవాణ్ణి. లెక్క వేస్తే ఇంతే: వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు పెరుగుతుంది. 28 మిల్లీమీటర్ల గూడుని అరవై డిగ్రీలు పైకి వేడిచేస్తే 0.04 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. బేరింగుని రాత్రంతా ఫ్రీజర్‌లో పెడితే అది 0.015 దగ్గర కుంచించుకుంటుంది. రెండూ కలిపితే 0.05 దాటింది. చాలా ఫ్రేముల్లో బిగుతు అంతకంటే తక్కువే. హెయిర్ డ్రయ్యర్ చాలు, చేయి పెట్టలేనంత వేడి వస్తే ఆపేయండి. రాకర్ లింకు లాంటి విడి ముక్కలకి ఇది బాగా పనిచేస్తుంది. కార్బన్ ఫ్రేము ఉన్నవాళ్లు ఈ పేరా చదవనట్టే ఉండాలి. అక్కడ వేడి జిగురుని దెబ్బతీస్తుంది, రాడ్డుతో నెమ్మదిగా నొక్కడమే దారి.

నొక్కేటప్పుడు మొదటి అర మిల్లీమీటరులోనే జాతకం తేలిపోతుంది. నట్టుని వేళ్లతో బిగించి ఆపండి. బేరింగు అంచుకీ గూడు అంచుకీ మధ్య చుట్టూ ఒకే ఎడం ఉందా చూడండి. వంకర ఉంటే తీసి మళ్లీ పెట్టండి, బిగిస్తే అదే సర్దుకుంటుందని ఎప్పుడూ అనుకోకండి. సరిగ్గా ఉంటే పానాతో పావు చుట్టు చొప్పున వెళ్లండి. అడుగుకి తగలగానే పానా ఒక్కసారిగా బరువెక్కుతుంది. అక్కడ ఆగిపోవాలి.

వేసేముందు ఒక పని మర్చిపోయేలా ఉన్నాను. కొత్త బేరింగుల్లో కంపెనీవాళ్లు గ్రీజు మూడో వంతే నింపుతారు, వేగంగా తిరిగేవాటికి అదే సరైనది. మనది తిరగనిది కాబట్టి నింపేయవచ్చు. సీలుని లోపలి అంచు వైపు నుంచి సూదితో మెల్లగా లేపి, నీటికి తట్టుకునే పడవల గ్రీజు నిండా కూరి, వేలితో సీలు నొక్కేయండి. ఒక్కో బేరింగుకి రెండు నిమిషాలు. నా మెయిన్ పివట్ దీనివల్లే ఏడాదిన్నర నుంచి మూడేళ్లకి పెరిగింది.

తిరిగి కట్టేటప్పుడు బోల్టులన్నీ ముందు చేత్తో వదులుగా ఎక్కించండి. వెనక చక్రం, యాక్సిల్ పెట్టి బిగించాక, అప్పుడు మెయిన్ పివట్ నుంచి మొదలుపెట్టి మిగతావి బిగించండి. ముందే ఒకటి బిగించేస్తే చివరి జాయింటులో బోల్టు రంధ్రాలు కలవవు, బలవంతంగా దూరిస్తే కొత్త బేరింగు మీద పక్కబలం పడుతుంది. మరకి నీలం లాక్‌టైట్ 243 ఒక చుక్క, బోల్టు నున్నటి భాగానికి గ్రీజు, ఈ రెండూ కలవకూడదు. టార్క్ ఎంతో బోల్టు తల మీదో మాన్యువల్‌లోనో ఉంటుంది. చాలావాటిలో 10 నుంచి 20 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది కానీ పక్క బైకు నంబరు మీ బైకుకి పనికిరాదు. టార్క్ రెంచి కొనండి, దీంట్లో పిసినారితనం వద్దు. షాక్ పెట్టకముందే మరోసారి వెనక భాగం ఎత్తి వదలండి. బిగించాక ఎక్కడైనా పట్టేస్తుంటే స్పేసర్ తిరగబడిందని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు, అట్టముక్క చూసుకుని ఆ ఒక్క జాయింటు విప్పండి. రెండు రైడ్ల తర్వాత అన్ని బోల్టులూ మరోసారి రెంచితో చూడండి.

కడగడం మీ ఇష్టం, ప్రెషర్ గన్ మాత్రం పివట్ల వైపు తిప్పకండి. ఆ ధార రబ్బరు సీలు పెదవిని లేపి నీటిని లోపలికి తోస్తుంది, మళ్లీ బయటికి రావడానికి దానికి దారుండదు. బకెట్టు, బ్రష్షు చాలు.

ఖర్చు విషయం: నా బైకులో మొత్తం పది బేరింగులు. ఒక్కోటి ఎనిమిది నుంచి పన్నెండు డాలర్లు. రాడ్డు, నట్లు, వాషర్లకు ఇంకో పదిహేను. టార్క్ రెంచి మిగిలిపోతుంది. మీ టక్కు చప్పుడు ఒక్క మెయిన్ పివట్‌దే అయితే రెండు బేరింగులతో పోతుంది, మిగతావి నున్నగా తిరుగుతుంటే ఇప్పుడే ముట్టుకోకండి.

వేలి పరీక్ష చేసి ఏ జాయింటులో కదలిక తెలిసిందో, విప్పాక సీలు మీద ఏ నంబరు ఉందో ఇక్కడ పెట్టండి. గూడు అవతలి వైపు తెరిచి ఉందా మూసి ఉందా కనపడేలా ఒక ఫోటో కూడా పెడితే, ఏ సైజు సాకెట్లు వెతకాలో చెప్తాను.